విప్పడానికి వేసిన కుట్టు

మార్చి 3

మరిదికి,

క్షేమమా అని మొదలుపెట్టడానికి చెయ్యి రావట్లేదు, ఆ మాట వదిలేస్తున్నాను. ఫోన్ చేయకుండా ఉత్తరమేంటని అనుకోకు. పాతికేళ్లుగా కుట్టుమిషన్ చప్పుడు విని విని నా ఎడమ చెవి మొరాయించిన సంగతి నీకు తెలుసు. పైగా నువ్వు ఫోన్లో "ఊఁ", "సరే", "ఉంటాను" తప్ప నాలుగో మాట మాట్లాడవు. కాగితం మీదైనా ఇంకో రెండు రాస్తావేమోనని ఆశ.

నేను మీ ఇంటి నుంచి వచ్చి పన్నెండు రోజులైంది. షాపులో బడి యూనిఫారాలు మొదలయ్యాయి. కాలర్లు, జేబులు, మళ్లీ కాలర్లు. మొన్న సూది చూపుడువేల్లోకి గోరు దాకా దిగింది. తెల్లచొక్కా మీద రక్తం పడ్డాక గాని నాకు తెలియలేదు. నొప్పి లేదంటే నమ్ము. మీ తోడల్లుడు చూసి, "నీకసలు ఒంట్లో మనిషున్నాడా?" అన్నాడు. ఆయన బస్సు నడుపుతూ అందరినీ అడిగే ప్రశ్నే అది. నేను చొక్కా నీళ్లలో నానబెట్టాను.

ఒక మాట అడగాలి. నా చెల్లెలు, మా చిన్నది, పోయిన రోజు నుంచీ బొంగరం ఏడవగా నేను చూడలేదు. ఆరేళ్ల పిల్ల పొద్దున్నే లేచి, తన పక్క తనే దులుపుకుని, అద్దం ముందు నిలబడి జడ తనే వేసుకుంటుంటే నాకు భయమేసింది. చివరి నెలల్లో చిన్నది దాన్ని దగ్గరికి రానిచ్చేది కాదని మీ పక్కింటావిడ చెప్పింది. "నీ పని నువ్వు చేసుకో" అని పంపేసేదట. కంటికి రెప్పలా పెంచిన మనిషికి ఆ బుద్ధి ఎలా పుట్టిందో నాకు అంతుపట్టలేదు. జబ్బు మనుషుల్ని మార్చేస్తుందంటారు. అదే అయ్యుంటుంది.

నువ్వూ ఏడవలేదు. వచ్చినవాళ్లకి కుర్చీలు వేశావు, వెళ్లాక మడిచి పెట్టావు. నేను తప్పుపట్టట్లేదు. నేను మాత్రం ఏం ఏడ్చాను గనక.

పిల్లని నాకివ్వు. మాకు పిల్లలు లేరని అడగట్లేదు. చిన్నదాన్ని కూడా నేనే పెంచాను, పదేళ్లు పెద్దదాన్ని. ఇక్కడే బళ్లో వేస్తాను. ఆలోచించి రాయి.

వదిన

*

మార్చి 11

వదినగారికి,

నమస్కారం. మీ ఉత్తరం అందింది.

బొంగరం బాగుంది. తింటోంది, బడికి వెళ్తోంది. ముందు పన్ను ఒకటి ఊడింది. ఏడవడం లేదు. నేనూ గమనిస్తున్నాను.

నా పని మామూలే. నేను చూసుకునే లిఫ్టులు పద్నాలుగు. వాటిలో ఒకటి ఆసుపత్రిది. నెలకోసారి, మొదటి సోమవారం దాని వంతు. మీ చెల్లెల్ని మందు ఎక్కించడానికి పైకి తీసుకెళ్లిందీ, ఆఖర్న కిందికి దించిందీ ఆ లిఫ్టులోనే. మొన్న వెళ్లాను. తలుపు రబ్బరు మార్చాను. నాలుగో అంతస్తులో అరంగుళం కిందికి ఆగుతోంది, సరిచేశాను. పుస్తకంలో సంతకం పెట్టాను. ఏమీ అనిపించలేదు. అనిపించాలి కదా అని మెట్ల దగ్గర కాసేపు నిలబడ్డాను. అయినా అనిపించలేదు. సూపర్‌వైజరు ఆ లిఫ్టు ఇంకొకరికి ఇస్తానన్నాడు. వద్దన్నాను. ఎందుకన్నానో తెలీదు.

పిల్ల గురించి మీరు రాసింది రెండుసార్లు చదివాను. నా డ్యూటీకి వేళాపాళా లేదు. ఎక్కడ ఎవరు ఇరుక్కున్నా పరుగెత్తాలి. మీ దగ్గరుంటే దానికి మంచిదే కావచ్చు. మీ ఇష్టం.

మీ మరిది

*

మార్చి 18

మరిదికి,

మీ ఇష్టమా? పాత సైకిల్ అడిగినా మనిషి రెండు రోజులు నానుస్తాడయ్యా. కన్నకూతుర్ని అడిగితే "మీ ఇష్టం" అని చివర్లో తగిలించావు, లిఫ్టు రబ్బరు గురించి మాత్రం వివరంగా రాశావు.

నిజం చెప్పనా? ఇవ్వను పొమ్మంటావనుకున్నాను. పోట్లాడదామని నాలుగు మాటలు దాచిపెట్టుకున్నాను కూడా. అవన్నీ వృథా అయిపోయాయి.

నీకు గుర్తుందో లేదో, బొంగరం పసిగుడ్డుగా ఉన్నప్పుడు కడుపునొప్పితో ఇరవై రోజులు పడుకోలేదు. ఆ ఇరవై రోజులూ చిన్నది పిల్లని భుజానేసుకుని గోడకి ఆనుకుని నిలబడే కునికేది. కూర్చోవే అంటే, "కూర్చుంటే దానికి తెలిసిపోతుందక్కా" అనేది. ఆ పేరు పెట్టిందీ అదే. గౌను వేయగానే పిల్ల గిర్రున తిరిగేది, గౌను గొడుగులా విచ్చుకోవాలని చిన్నది కుచ్చిళ్లకి రెండింతల గుడ్డ పెట్టేది. గుడ్డ దండగ అని నేను తిట్టేదాన్ని. అలాంటి మనిషి కన్న పిల్ల, "మీ ఇష్టం" అనిపించుకోకూడదు. అంతే నా బాధ.

సరే, ముందు సెలవులకి పంపు. ఇక్కడ అలవాటు పడితే ఆ తర్వాత చూద్దాం. మీ తోడల్లుడు వచ్చి తీసుకొస్తాడు.

వదిన (కోపంగానే ఉంది)

*

ఏప్రిల్ 20

వదినగారికి,

నమస్కారం. బొంగరాన్ని అన్నయ్యగారితో పంపుతున్నాను. ఈ ఉత్తరం దాని సంచిలోనే ఉంటుంది.

మీ చెల్లెలు రాసి వంటింటి గోడకి అంటించిన కాగితం ఒకటుంది. అందులోంచి చూసి రాస్తున్నాను. పాలు చల్లగా తాగదు. గోళ్లు కత్తిరిస్తుంటే చిటికెనవేలు దాచేస్తుంది, చివర్లో అడిగి తీయాలి. కొత్త చెప్పులు కరుస్తాయి, చెప్పదు, నడక చూసి కనిపెట్టాలి. ఏదైనా బాధనిపిస్తే మాట్లాడ్డం మానేస్తుంది, తొందరపెట్టకూడదు. ఇంకా చాలా ఉన్నాయి. అవి వేసవికి పనికొచ్చేవి కావు.

సంచిలో నాలుగు గౌన్లున్నాయి. పసుపుది, చుక్కలది, ఊదాది, గళ్లది. తను ఆఖరి మూడు నెలల్లో కుట్టినవి. అప్పటికి కుడిచెయ్యి బాగా వాచి ఉంది, మందు వల్ల వేళ్ల చివర్లు మొద్దుబారాయి. సూది పట్టుకున్నదీ లేనిదీ చూస్తే గాని తెలిసేది కాదు. పిల్ల ఇప్పుడు ఆ నాలుగు తప్ప ఇంకేవీ వేసుకోనంటోంది. అంచులు బాగా బరువుగా ఉన్నాయి. మీరు ఒకసారి చూడండి.

ఇల్లు మామూలుగానే ఉంది.

మీ మరిది

*

ఏప్రిల్ 29

మరిదికి,

చూడమన్నావు, చూశాను. చూడకపోయినా బాగుండేది.

మా అమ్మ మా ఇద్దరికీ కుట్టు నేర్పినప్పుడు ఒకటే మాట చెప్పింది, బట్ట పైకి ఎవరైనా కుడతారు, తిరగేసి చూస్తే పనిమంతురాలెవరో తెలుస్తుందని. చుక్కల గౌను తిరగేశాను. అంచు లోపలికి మూడు మడతలు, ఒకదాని మీద ఒకటి, రొట్టెముక్కలు పేర్చినట్టు. ఒక్కో కుట్టు అంగుళం పొడవు. ఒక మడత ఎర్రదారంతో, ఒకటి ఆకుపచ్చ, ఒకటి నీలం. తెల్ల గుడ్డ మీద ఈ మూడు రంగులేంటి, మరిదీ? చేతికి ఏ దారం అందితే అది వేసిందన్నమాట. చీమ తలకాయంత కుట్టు వేసే పిల్ల. దాని కుట్టు చూసి నేనే కుళ్లుకునేదాన్ని.

నాకు కడుపు మండిపోయింది. చెయ్యి వాచి, వేళ్లు మొద్దుబారి ఉన్న మనిషి చేత సూది ఎలా పట్టనిచ్చావు? లాక్కోవడానికి నీకు చేతులు లేవా? ఒక్క ఉత్తరం ముక్క రాస్తే నలభై గౌన్లు కుట్టి పంపేదాన్ని కదా. టైలరు అక్కని పెట్టుకుని ఆ అవస్థ ఎందుకు పడాలి?

బళ్లో పిల్లలు ఎవరైనా ఆ అంచు తిప్పి చూసి మీ అమ్మకి కుట్టు రాదంటే బొంగరం తల ఎక్కడ పెట్టుకుంటుంది? అదొక్కటే ఆలోచించాను. పిల్ల మీ తోడల్లుడితో బస్సులో షికారుకెళ్లిన పూట కూర్చుని, మూడు గౌన్లకీ ఆ దారాలన్నీ పీకేసి, వేలాడే గుడ్డ కత్తిరించేసి, మిషన్ మీద నున్నగా అంచు కుట్టాను. ఇప్పుడు ఎవరు తిరగేసినా పేరు పెట్టలేరు. మా చిన్నది కుట్టినట్టే ఉన్నాయి, మంచి రోజుల్లో.

పసుపుది మాత్రం పిల్ల ఒంటి మీద ఉంది. విప్పి ఇవ్వదు. స్నానం చేసి మళ్లీ అదే తొడుక్కుంటోంది. అన్నట్టు రెండు రోజులుగా నాతో మాట్లాడ్డం మానేసింది. నీ మీద బెంగ కాబోలు. నాలుగు మాటలు దానికి కూడా రాయి.

వదిన

*

మే 6

వదినగారికి,

నమస్కారం. మీరు అడిగినదానికి జవాబు రాస్తున్నాను.

సూది లాక్కోలేదు. తను అడిగింది, ఎక్కించి పెట్టాను. వేళ్లకి స్పర్శ లేక దారం ఎక్కించలేకపోయేది. రోజూ డ్యూటీకి వెళ్లేముందు ముప్ఫై సూదులకి దారం ఎక్కించి దిండుకి గుచ్చి పెట్టేవాణ్ణి. పది ఎరుపు, పది ఆకుపచ్చ, పది నీలం. అన్నీ ఒకే రంగు అయితే నాకు పని తేలికవుతుందన్నాను. "నీ లిఫ్టులో ఒక్కో అంతస్తుకీ ఒక్కో దీపం వెలగదా? ఇదీ అంతే" అంది. నేను మళ్లీ అడగలేదు. నేను చేయగలిగింది ఆ ఒక్క పని. అందుకని చేశాను.

అంచులు బాగుచేసినందుకు ధన్యవాదాలు అని నిన్ననే ఒక ఉత్తరం రాశాను. పోస్టు చేయలేదు. కారణం చెప్తాను.

నిన్న పడకగది తలుపు కీచుమంటోంటే నూనె వేద్దామని మూశాను. బొంగరం పుట్టినప్పటి నుంచీ ఆ తలుపు మేము మూయలేదు, గోడకి ఆనించే ఉంటుంది. అందుకని దాని వెనకవైపు నేను ఇన్నాళ్లూ చూడలేదు. అక్కడ గీతలున్నాయి. కింద పెన్సిల్ గీత, పక్కన కిందటి అక్టోబరు తేదీ. అది అప్పటి బొంగరం ఎత్తు. దాని పైన ఎర్ర గీత, పక్కన ఏడు అంకె. ఇంకా పైన ఆకుపచ్చది, ఎనిమిది. దాని పైన నీలం, తొమ్మిది.

బొంగరానికి జూన్‌లో ఏడు నిండుతాయి.

స్టీలు టేపు పెట్టి కొలిచాను. గీతకీ గీతకీ మధ్య సరిగ్గా రెండున్నర అంగుళాలు.

వదినగారూ, పసుపు గౌనులో మడత ఒక్కొక్కటి ఎంత వెడల్పుందో కొలిచి రాయండి. అంతవరకూ దానికి కత్తెర పెట్టకండి. నాకు అనిపిస్తున్నది తప్పైతే మంచిదే.

మీ మరిది

*

మే 12

మరిదికి,

రెండున్నర అంగుళాలు. మూడూ.

నీ ఉత్తరం చదివి బొంగరాన్ని బల్ల మీద నిలబెట్టాను. గౌను విప్పమనలేదు, ఒంటి మీదే కొలిచాను. కొలుస్తూ అడిగాను, ఈ దారాలేంటి బంగారం అని. రెండు వారాల తర్వాత నోరు విప్పింది. పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది: "మోకాలు కనపడితే ఎర్రదారం తీయాలి. మళ్లీ కనపడితే ఆకుపచ్చ. మళ్లీ కనపడితే నీలం. నేనే తీసుకోవాలి. అమ్మ పాతగుడ్డ మీద నేర్పింది."

"మరి నేను కత్తిరించినప్పుడు చెప్పలేదేమే?" అన్నాను.

"నేను బస్సు దిగి వచ్చేసరికి కత్తిరించేశావు. నువ్వు టైలర్ పెద్దమ్మవి కదా, నీకు తెలుసనుకున్నాను."

అంతే అంది. తిట్టినా బాగుండేది.

పెరిగే పిల్లలకి మడత వదలడం నేను రోజూ చేసే పనే. ఒక్క మడత, ఒక్క ఏడాదికి. మూడేళ్లకి వదిలినవాళ్లని నా సర్వీసులో చూడలేదు. పక్కల్లో కూడా అంగుళం చొప్పున గుడ్డ వదిలి పట్టి ఉంచింది, ఒళ్లు చేస్తే తీసుకోవడానికి. అవి తాత్కాలికంగా వేసే కచ్చాకుట్లు, మరిదీ. చంటిపిల్లలు కూడా లాగేసేంత పొడుగ్గా వేసింది, ఆరేళ్ల చేతికి అందాలని. ఏ టైలరైనా చూడగానే పోల్చుకోవాలి. నేను పోల్చుకోలేదు. నేను దాని జబ్బు చూశాను గానీ పని చూడలేదు.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఇది అడక్కముందే మూడేళ్లది పెట్టి పోయింది. దాన్ని నేను కత్తిరించి పారేశాను.

పారేయలేదులే, ఆ మాట చెప్తాను విను. మిగిలిన గుడ్డ నేను దిళ్లలో కూరుతాను. చుక్కలదీ గళ్లదీ గోతాంలో దొరికాయి. ఊదాది లేదు. వీధి చివర పళ్ల డాక్టరు వెయిటింగ్ బల్లకి కుట్టిచ్చిన దిండులోకి వెళ్లిపోయింది. పరుగున వెళ్లి, దిండు విప్పాలి బాబూ అంటే ఆయన నా మొహం చూసి నొప్పితో వచ్చాననుకుని కుర్చీలో కూర్చోబెట్టాడు. నోరు తెరిచాక ఇంక ఏం చెప్తాను? రెండు పళ్లు పుచ్చాయట. ఆ తర్వాత కత్తెర ఆయనే తెచ్చిచ్చాడు. గుడ్డ నలిగింది గానీ చిరగలేదు.

మూడూ తిరిగి అతుకుతున్నాను. అతుకు అతుకే, కనపడుతుంది. లేసు పెట్టి దాచొచ్చు. దాచను.

ఒక్కటే లోపల తొలుస్తోంది. ఇన్నేళ్లుగా ఊరందరికీ కుట్టే అక్కని నేనుండగా, ఈ పని నాకెందుకు చెప్పలేదు? నా మీద దానికి నమ్మకం లేదా? లేకపోవడమే మంచిదైందిలే. కత్తెర పట్టగానే ఏం చేశానో చూశావుగా. పిల్లని ఇమ్మని ఇంక నేను అడగను. ఏ మొహం పెట్టుకుని అడుగుతాను?

వదిన

*

మే 19

వదినగారికి,

నమస్కారం. మీరు అలా రాయకండి. దారం ఎక్కించినవాణ్ణి నేను. మూడు నెలలు, రోజుకి ముప్ఫై సూదులు. నాకే తెలియలేదు.

మీకెందుకు చెప్పలేదో నాకు తెలుసు. ఒకరోజు నేనే అన్నాను, ఇంత అవస్థ ఎందుకు, మీ అక్కకి పంపుదామని. తను నవ్వింది. "అక్క కుట్టు గుడ్డ చిరిగినా ఊడదు. నాకు ఊడేది కావాలి" అంది. నేను మిమ్మల్ని ఆటపట్టిస్తోందనుకున్నాను. నమ్మకం లేక కాదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. పిల్లని దగ్గరికి రానివ్వలేదని పక్కింటావిడ మీతో అన్నది నిజం కాదు. జడ నేర్పడానికి తనకి నలభై రోజులు పట్టింది. చెయ్యి పైకి లేచేది కాదు, మాటలతోనే నేర్పింది. ఎడమ పాయ మీదికి, మధ్యది కిందికి అని. పిల్ల ఏడ్చి, నువ్వే వెయ్యి అని ఒళ్లో తల పెట్టేది. తను ముట్టుకునేది కాదు. "నీ పని నువ్వు చేసుకో" అన్నది అందుకు. పిల్ల మొదటిసారి సరిగ్గా వేసుకున్న రోజు, చాలా బాగుంది వెళ్లి ఆడుకో అని పంపి, వంటింట్లోకి వెళ్లి తలుపు దగ్గరికి వేయమంది. లోపల చాలాసేపు ఉంది. ఏం చేసిందో నేను అడగలేదు. నేను ఏదీ అడగలేదు వదినగారూ. అడిగితే జబ్బు గురించి మాట్లాడాల్సి వస్తుందని సూదులు ఎక్కిస్తూ కూర్చున్నాను.

మొన్న "మీ ఇష్టం" అని రాశాను. నిర్లక్ష్యంతో కాదు. నా ఇష్టం ఏంటని లోపల వెతికితే ఏమీ దొరకలేదు. అందుకని అలా రాశాను. ఇప్పుడు తలుపు మూసి ఆ గీతల ముందు నిలబడితే ఒకటి మాత్రం తెలుస్తోంది. ఆ గీతల దగ్గర పిల్ల ఉండాలి. సెలవులు అయ్యాక పంపించండి. డ్యూటీ వేళలు మార్పించుకున్నాను. ఆసుపత్రి లిఫ్టు మాత్రం నాకే ఉంచమన్నాను.

పసుపు గౌనులో ఎర్రదారం తీయనివ్వకండి. మోకాళ్లు కనపడితే కనపడనీ. తను వేసిన కుట్లు ఇంక ఆ ఒక్కదాంట్లోనే ఉన్నాయి. ఒక్కటి కూడా పోకూడదు.

మీ మరిది

*

మే 27

మరిదికి,

పిల్ల వస్తోంది. మీ తోడల్లుడు ఎల్లుండి పొద్దున దింపుతాడు. వెళ్తున్నందుకు నాకు బాధగా లేదని రాస్తే అబద్ధం, రాయను. "ఊడేది కావాలి" అన్నదట. వారం రోజులుగా మిషన్ తొక్కుతూ ఆ మాటే తలుచుకుంటున్నాను. చిన్నప్పుడు దాని బొమ్మకి నేను లంగా కుట్టిస్తే, విప్పడం రాక బొమ్మ కాలు విరిగింది. గుర్తు పెట్టుకుంది చూశావా, దొంగ.

ఇక ఎర్రదారం సంగతి. ఇది వదినగా కాదు, టైలర్‌గా చెప్తున్నాను, వినాలి. కచ్చాకుట్టు వేసేదే తీయడానికి. తీయకుండా దాచుకుంటే, వేసిన మనిషి పని సగంలో ఆగిపోయినట్టు. దాన్ని నేను సగంలో ఆపేసింది ఒకసారి చాలు. నువ్వు కూడా ఆపకు.

లాగొద్దు. నాలుగు కుట్లకొకసారి కత్తిరించి, తిరగేసి రెండోవైపు నుంచి తీయాలి. పిల్లకి తెలుసు. నువ్వు గుడ్డ పట్టుకుని కూర్చో, చాలు.

వదిన

*

జూన్ 9

వదినగారికి,

నమస్కారం. నిన్న బొంగరానికి ఏడు నిండాయి. పొద్దున తలుపు వెనక నిలబెట్టాను. తల ఎర్ర గీతకి తగిలింది. కొంచెం దాటింది కూడా.

తర్వాత పసుపు గౌను వేసుకుని బల్ల మీద నిలబడింది. మోకాళ్లు కనపడుతున్నాయి. చూసి, "నాన్నా, తీయాలి" అంది. నేను కత్తెర ఇవ్వలేదు. రేపు తీద్దామన్నాను. అది వాళ్లమ్మలాగే నా వంక చూసి, బల్ల దిగి, డ్రాయర్‌లోంచి చిన్న కత్తెర తనే తెచ్చుకుంది. గౌను విప్పి తిరగేసి ఒళ్లో పెట్టుకుంది. మీరు చెప్పినట్టు గుడ్డ పట్టుకుని కూర్చున్నాను.

నలభై ఒక్క కుట్లున్నాయి. లెక్కపెట్టాను. ఎక్కడా గుడ్డకి చిల్లు పడలేదు. ఎడమవైపు ఒకచోట కుట్టు వంకరగా వెళ్లి మళ్లీ దారిలోకి వచ్చింది. ఆ రోజు తనకి బాగా లేదనుకుంటాను. ఏ రోజో గుర్తు తెచ్చుకుందామని చూశాను, రాలేదు.

మడత విడిపోయింది. లోపల ఉన్న గుడ్డ కొత్తగా ఉంది వదినగారూ. పైన వెలిసిపోయింది గదా, లోపల రెండున్నర అంగుళాలు మాత్రం కొన్నరోజు పసుపు. మడత పడ్డ గీత ఇస్త్రీకి పోలేదు.

తొడుక్కుని బొంగరం గిర్రున తిరిగింది. చాలా నెలలైంది అది తిరిగి. మూడు చుట్లు తిరిగి ఆగిపోయింది. కింద కూర్చుని ఏడ్చింది. అమ్మా అని, గట్టిగా, పక్కింటావిడ వచ్చేదాకా. తొందరపెట్టకూడదని కాగితంలో ఉంది కాబట్టి ఊరుకోమనలేదు. పక్కన కూర్చున్నాను. నాకు ఏడుపు రాలేదు. సాయంత్రం దాకా స్క్రూడ్రైవరు మాత్రం పట్టుకోలేకపోయాను.

ఏడుపు ఆగాక ఒక ప్రశ్న అడిగింది. "నాన్నా, నీలం దారం కూడా తీసేశాక ఏంటి?" తలుపు వెనక నీలం పైన గీత లేదు. మళ్లీ చూశాను, లేదు. పెద్దమ్మని అడుగుదామన్నాను. అడుగుతున్నాను.

ఎర్రదారం ముక్కలు ఏం చేయాలో తెలియలేదు. పదకొండున్నాయి. పారేయలేకపోయాను. ఈ కవరులో పెట్టాను.

మీ మరిది

*

జూన్ 17

మరిదికి,

దారం అందింది. మా అమ్మ సూదులు పెట్టుకునే డబ్బాలో వేశాను.

నీలం తర్వాత నేనున్నానని బొంగరానికి చెప్పు. పది, పదకొండు, పన్నెండు నావి. తలుపు మీద గీతలు నువ్వు గియ్యి, కొలతలు నాకు పంపు. అదే పసుపు కోసం నాలుగు షాపులు తిరిగాను, దొరికింది. కొంచెం ముదురు, ఉతికితే దారికొస్తుంది.

నిన్న మిషన్ పక్కన పెట్టి చేత్తో కచ్చాకుట్టు వేయడం మొదలుపెట్టాను. నా చెల్లెలు చూస్తే పగలబడి నవ్వేది. అంగుళం కుట్టు వేద్దామని మొదలుపెడితే నాలుగోదానికల్లా నా చెయ్యి దానంతటదే సన్నం చేసేస్తోంది. విప్పి మళ్లీ వేశాను. అలా వేస్తుంటే సూది వేల్లో దిగింది. అబ్బా అన్నాను. మీ తోడల్లుడు లోపలి నుంచి ఏమైందన్నాడు. నొప్పి పుట్టిందండీ అని చెప్పి, షాపు తలుపులు దగ్గరికి వేసి, ఆ పసుపు గుడ్డ మొహానికి అదుముకుని ఏడ్చాను. నాలుగున్నర నెలలది ఒక్కసారే ఏడ్చాను.

తర్వాత లేచి మొహం కడుక్కుని మళ్లీ పట్టుకున్నాను. ఇంకా పొడుగు కుట్టు రావట్లేదు. నీలానికి రెండేళ్లుంది కదా, అప్పటికి వస్తుందిలే.

పిల్ల కొత్త చెప్పులు వేసుకుంటే నడక చూస్తూ ఉండు.

వదిన